గొడ్డలి దిగకపోవడం బలం చాలక కాదు

గుంటూరు నుంచి స్నేహితులతో హైదరాబాద్ వెళ్లి, చెక్క గురికి గొడ్డలి విసిరే ఆట ఆడితే మీదొక్కటే చెక్కకు దిగలేదని, శనివారం మళ్లీ వెళ్లాలంటే టెన్షన్‌గా ఉందని రాశారు. బలం చాలడం లేదనుకుంటున్నారు. అది కాదండీ.

మాది విజయవాడ. పోయిన వేసవిలో మేమూ వెళ్లాం. మిర్చి యార్డులో బస్తాలెత్తే మా బావ కట్టెలు కొట్టినట్టు విసిరితే ప్రతిసారీ ఠంగుమని కిందపడింది. మా అక్క నిదానంగా వదిలింది, ఐదింటిలో మూడు దిగాయి.

గొడ్డలి గాల్లో ఒక్క చుట్టు పూర్తిగా తిరిగి పదును వైపు తగలాలి. మనం నిలబడే గీత చెక్కకు దాదాపు 12 అడుగుల దూరంలో పెట్టేది అందుకే. కాబట్టి ఈసారి ఏ భాగం ముందు తగులుతోందో చూడండి. కామ (పిడి) చివర ముందు తగిలితే చుట్టు పూర్తి కాలేదు, అరడుగు వెనక్కి జరగండి. కామ పైకి లేచి తల పైభాగం తగిలితే ఎక్కువ తిరిగింది. అప్పుడు అక్కడి కోచ్‌కు చెప్పి కాస్త ముందుకు రండి. మణికట్టు మాత్రం విదిలించొద్దు, దానితోనే లెక్కంతా తప్పుతుంది. చేతులు చాచి, గొడ్డలి కళ్లెదురుగా రాగానే వేళ్లు వదిలేయండి, చాలు.

చెక్క బాగా ఎండిపోయి ఉంటే నీళ్లు చల్లమని అడగండి, మెత్తబడి పట్టు దొరుకుతుంది. చెప్పులతో వెళ్లొద్దు, బూట్లు తప్పనిసరి. పక్కవాళ్లు కూడా విసరడం ఆపాకే గొడ్డలి తీసుకోవడానికి ముందుకెళ్లండి. భుజం లాగితే ఆ పూటకు ఆపేయండి. శనివారం ఏమైందో ఇక్కడే రాయండి, ఎదురుచూస్తుంటాను.