సోమవారానికి జరిగే దేశపిత, జరగని మార్చి 24

‘జాతీయ సెలవుల్ని ఎవరైనా నిజంగా మనసుపెట్టి జరుపుకుంటారా, లేక నిద్రపోవడానికేనా?’ అని ఒకరు అడిగారు.

2022లో ఆఫీసు పని మీద అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో ఉన్నాను. అక్కడ రెండు సెలవులు చూశాక నాకో సూత్రం దొరికింది. లాంగ్ వీకెండ్ కోసం సోమవారానికి జరిపే సెలవు ఎవరికీ పట్టని సెలవు. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

అర్జెంటీనా వాళ్ల దేశపిత సాన్ మార్టిన్. 1817లో సైన్యాన్ని ఆండీస్ పర్వతాలు దాటించి, చిలీని స్పెయిన్ చేతుల్లోంచి విడిపించిన జనరల్. పోయింది 1850 ఆగస్టు 17న. సెలవేమో ఆగస్టు మూడో సోమవారం. ఆ ఏడాది అది 15న పడింది. అంటే మనిషి పోవడానికి రెండ్రోజుల ముందే వర్ధంతి! మా తాతగారి తద్దినం ఇలా వీలుని బట్టి జరుపుతామంటే మా పురోహితుడు మళ్లీ గడప తొక్కడు.

మార్చి 24 అలా కాదు. 1976లో ఆ రోజు సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి 1983 దాకా ఏలింది. ముప్ఫై వేలమందిని ఎత్తుకెళ్లి మాయం చేశారని హక్కుల సంఘాలు అంటాయి. 2006 నుంచి ఆ రోజు సెలవు. 2017లో ప్రభుత్వం దీన్ని కూడా సోమవారానికి జరిపే సెలవుల్లో కలపబోతే ఎంత గొడవయిందంటే, కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది.

నేనున్న ఏడాది మార్చి 24 గురువారం వచ్చింది. ఆ రోజు మా హైదరాబాద్ టీమ్ కాల్ పెట్టింది, ‘మా క్యాలెండర్‌లో సెలవు లేదు’ అని. ఎవరి సెలవైనా మనకి సెలవు కాదు, ఏం చేస్తాం. కాల్ అవగానే మా ఇంటి ఓనరు తలుపు కొట్టింది. డెబ్బై దాటిన పెద్దావిడ. నన్ను ‘నేనే’ అని పిలిచేది. వాళ్ల భాషలో ‘బాబూ’ అని అర్థమట. ‘నేనే, చెప్పులు కాదు, బూట్లు వేసుకో, నడవాలి’ అంది.

మాయమైనవాళ్ల కోసం ఏటా ఆ రోజు తీసే ఊరేగింపు కరోనా వల్ల రెండేళ్లు లేదు కాబట్టి వీధులు కిక్కిరిసిపోయాయి. డప్పులు, చంకలో పిల్లలు, దారి పొడుగునా చోరిపాన్ (బ్రెడ్డులో పెట్టిన కాల్చిన మాంసం సాసేజ్) పొగ. ఇంతలో ఒక పొడవాటి గుడ్డ వచ్చింది. దాని నిండా మాయమైనవాళ్ల ఫొటోలు. అంచు పట్టుకుని వందలమంది నడుస్తున్నారు. ఆవిడ నా చేయి లాగి అంచు పట్టించింది. నా బొటనవేలి పక్కనే ఒక అమ్మాయి, ఐడీ కార్డు ఫొటో, పాపిడి కాస్త పక్కకి. ‘మా కాలేజీ’ అంది ఆవిడ. అంతే, ఇంకేం చెప్పలేదు.

ఊరేగింపు చేరే ప్లాజా దె మాయో అనే పెద్ద కూడలిలో మైకులో ‘ముప్ఫై వేలమంది సహచరులు’ అనగానే జనమంతా ‘ప్రెసెంతెస్!’ అని అరిచారు. హాజరు! ఆరో తరగతిలో స్నేహితుడి బదులు ‘ప్రెజెంట్ సార్’ అని దొరికిపోయి గంటసేపు గోడకుర్చీ వేశాను. ఇక్కడ ఊరు ఊరంతా ప్రాక్సీ పలుకుతోంది.

ఆగస్టులో ‘జనరల్ గారి సెలవుకి ఏం చేస్తారు?’ అని అడిగితే ‘ఫ్రిజ్ కడుక్కుంటాను’ అంది.

పాపం ఆయన తప్పేం లేదు. 1829లో ఓడెక్కి తిరిగొచ్చి, తనవాళ్లు తమలో తామే కొట్టుకుంటున్నారని తెలిసి బ్యూనస్ ఎయిర్స్‌లో కాలు పెట్టకుండానే వెనక్కి మళ్లిన మనిషి. విచిత్రం ఏమిటంటే, ఆయన పేరిటే ఉన్న లిబెర్తదోర్ (అంటే విమోచకుడు) అవెన్యూలోనే నౌకాదళం వాళ్ల శిక్షణ బడి ఉండేది. సైనిక పాలనలో వేలమందిని బంధించి హింసించింది అందులోనే. ఇప్పుడది మ్యూజియం. చూడాలని ఉందంటే ఆవిడ బస్సులో నాతో వచ్చింది. గేటు దాకా వచ్చి, ‘నువ్వెళ్లు, నేనే’ అని ఎదురుగా బస్టాపులో కూర్చుంది. రెండు గంటల తర్వాత బయటికొచ్చేసరికి అక్కడే ఉంది, సంచిలోంచి ఊలు తీసి అల్లుకుంటూ.