‘టు’ పెట్టాలా, ‘ఇంగ్’ పెట్టాలా?

ప్రశ్న: బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానండీ. ‘ఎంజాయ్ రీడింగ్’ అనాలో ‘ఎంజాయ్ టు రీడ్’ అనాలో తేల్చుకోలేక టెన్షన్ వస్తోంది. జెరండ్ (‘రీడింగ్’ లాంటి ‘ఇంగ్’ రూపం) ఎక్కడ, ఇన్ఫినిటివ్ (‘టు రీడ్’ లాంటి ‘టు’ రూపం) ఎక్కడ అని చెప్పే రూలు ఒక్కటైనా లేదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అన్నిటికీ సరిపోయే రూలు లేదమ్మా, ఉందని ఎవరు చెప్పినా నమ్మకు. ముందున్న క్రియను బట్టే ఏది రావాలో తేలుతుంది. ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్, మైండ్ తర్వాత ‘ఇంగ్’ రూపం. వాంట్, డిసైడ్, హోప్, ప్రామిస్, రెఫ్యూజ్ తర్వాత ‘టు’. ఇక ముందు జరగాల్సిన పనైతే ‘టు’ వస్తుందని కొందరు గుర్తు చెప్తారు, అది చాలా చోట్ల పనికొస్తుంది కూడా, కానీ సజెస్ట్ దగ్గరికొచ్చేసరికి దెబ్బతింటుంది. సలహా ఇచ్చేది జరగబోయే పని గురించే కదా, అయినా ‘హి సజెస్టెడ్ గోయింగ్ బై ట్రైన్’ అనాలి. మనవాళ్లు తెగ వాడే ‘హి సజెస్టెడ్ మి టు గో’ తప్పు. అందుకే క్రియను ఒక్కదాన్నే బట్టీ పట్టకుండా వాక్యంతో సహా నేర్చుకో.

బిగిన్, స్టార్ట్ లాంటివాటికి సాధారణంగా రెండూ నడుస్తాయి, వాటి గురించి బెంగ వద్దు. రెండూ నడిచినా అర్థం మారిపోయేవే జాగ్రత్తగా చూసుకోవాలి. ‘హి స్టాప్డ్ డ్రింకింగ్ టీ’ అంటే టీ మానేశాడు. ‘హి స్టాప్డ్ టు డ్రింక్ టీ’ అంటే టీ తాగడానికి ఆగాడు. అలాగే ‘ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్’ అంటే తాళం వేసినట్టు గుర్తుంది, ‘రిమెంబర్ టు లాక్ ద డోర్’ అంటే తాళం వేయడం మర్చిపోకు.

నువ్వు అడగలేదు గానీ ఇది మాత్రం చెప్పి తీరాలి, ఎందుకంటే ఉద్యోగానికి రాసే మెయిల్‌లో చివరి వాక్యమే తప్పు పోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ’ అని రాయకు, ‘హియరింగ్’ అని రాయి. ఇక్కడి ‘టు’ ప్రిపోజిషన్, అంటే నామవాచకం ముందు వచ్చే మాట, దాని తర్వాత క్రియ వస్తే ‘ఇంగ్’ తగలాల్సిందే. అనుమానం వస్తే ‘టు’ తర్వాత ఒక నామవాచకం పెట్టి చూడు. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’ చక్కగా అతుకుతుంది, ‘డిసైడెడ్ టు యువర్ రిప్లై’ అతకదు. అతికిన చోట ‘ఇంగ్’, అతకని చోట మామూలు క్రియ. ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ లేట్’ అంటే ఆలస్యంగా పనిచేయడం అలవాటే, ‘ఐ యూజ్డ్ టు వర్క్ లేట్’ అంటే ఒకప్పుడు చేసేదాన్ని, ఇప్పుడు లేదు. ఈ జంటను కూడా అదే పద్ధతిలో సరిచూసుకో.