నవ్వుతూ ఆ పైకప్పు చూశారా?

ప్రశ్న: ఇంట్లో అందరం మార్వెల్ సూపర్‌హీరో సినిమా ‘థోర్: రాగ్నరోక్’ చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. అయ్యాక మా అమ్మాయి, ‘ఇది వలస పాలన గురించిన సినిమా నాన్నా’ అంది. సరదా సినిమాలో కూడా రాజకీయాలు వెతకాలా?

జవాబు: మీ అమ్మాయి వెతకలేదండి, కళ్లెదుట ఉన్నదే చెప్పింది. విలన్ హేలా, అంటే థోర్ అక్క, అస్గార్డ్ రాజ్యపు సింహాసనం గదిలోకి వచ్చి తలెత్తి చూసే సీన్ మళ్లీ ఒకసారి పెట్టుకోండి. పైకప్పు మీది బొమ్మల్లో ఆమె తండ్రి, రాజు ఓడిన్ శాంతి కాముకుడిలా వెలిగిపోతుంటాడు. ఆమె ఆ బొమ్మల్ని పెచ్చులు పెచ్చులుగా రాలగొడుతుంది. వాటి వెనక దాచిన పాత బొమ్మలు బయటపడతాయి. అన్నీ దండయాత్రలే, తండ్రి పక్కన తనే. ఈ బంగారమంతా ఎక్కణ్నుంచి వచ్చిందనుకుంటున్నారని అడుగుతుంది. దోచుకున్నందుకు ఆమెకు సిగ్గు లేదు, దాచినందుకే కోపం. విలన్ చేత ఈ నిజం చెప్పించడం నాకు చాలా నచ్చింది.

2017లో వచ్చిన ఈ సినిమా దర్శకుడు టైకా వైటీటీ న్యూజిలాండ్ మావోరీ. బ్రిటిష్ వలస పాలనలో భూములు పోగొట్టుకున్న జాతి వాళ్లది. ఆ పైకప్పు ఊరికే రాలేదని నా నమ్మకం.

ఇక బానిసల చేత పోటీల్లో పోరాడించే మరో గ్రహపు పాలకుడు గ్రాండ్‌మాస్టర్ సంగతి. తిరుగుబాటు మొదలైందని చెబుతుంటే అతనికి ‘బానిసలు’ అన్న మాట నచ్చదు. వెంటనే దాన్ని ‘ఉద్యోగాలున్న ఖైదీలు’ అని మారుస్తారు. అప్పుడు అతని మనసు కుదుటపడుతుంది! మనం నవ్వేది బానిసల్ని చూసి కాదు, మాట మారిస్తే తప్పు పోతుందనుకునే యజమానిని చూసి. ఏ కామెడీలోనైనా నేను ముందు గమనించేది ఇదే.

ఒక్క చోట మాత్రం బాధనిపించింది. అస్గార్డ్ పేలిపోతుంటే జనం ఓడలోంచి చూస్తుంటారు. పునాదులు గట్టిగా ఉంటే మళ్లీ కట్టుకోవచ్చని వాళ్లతో ఉన్న రాతి మనిషి కోర్గ్ అంటాడు, అంతలోనే అవీ పోతాయి. ఊరు పోయిన మనుషుల్ని ఒక్క నిమిషం మౌనంగా చూడనిచ్చి ఉంటే బాగుండేది.

ప్రశ్న: అందులో అస్గార్డ్ యోధురాలు వాల్కిరీ పాత్ర నల్లజాతి మూలాలున్న నటికి ఇచ్చారు. ఇది నిజమైన ప్రాతినిధ్యమా, లెక్క కోసమా?

జవాబు: లెక్క కోసం పెట్టిన పాత్రకు కథలో పని ఉండదు. టెస్సా థాంప్సన్ చేసిన వాల్కిరీకి ఉంది. తోటి యోధురాళ్లందరినీ పోగొట్టుకుని, తాగుడులో తలదాచుకున్న మనిషి ఆమె. మళ్లీ కత్తి పట్టాలా వద్దా అన్నది తనే తేల్చుకుంటుంది. కామిక్స్‌లో తెల్లగా, బంగారు రంగు జుట్టుతో ఉండే పాత్ర ఇది. ఆ రూపం మారినందువల్ల కథకు లోటేమీ రాలేదు.

అయితే ఆమె గదిలోంచి ఓ స్త్రీ బయటకు వెళ్లే చిన్న దృశ్యం కూడా తీశారు, ఆమెకు స్త్రీల మీద కూడా ప్రేమ ఉందని తెలిసేలా. ఎడిటింగ్‌లో అది ఎగిరిపోయింది. దాన్ని ఉంచి ఉంటే ఒక్క ఫైటూ తగ్గేది కాదు, ఒక్క నవ్వూ తగ్గేది కాదు.