విశాఖలో సముద్ర మట్టాన్ని రోజుకు ఒకసారి కొలిస్తే చాలదా?

చాలదు. ఇక్కడి ఆటుపోట్లలో చంద్రుడి వల్ల వచ్చే ప్రధాన భాగానికి ఆవర్తన కాలం సుమారు 12 గంటల 25 నిమిషాలు. రోజూ ఉదయం ఆరింటికే కొలిచారనుకోండి: 24 గంటల్లో ఆ పోటు రెండు ఆవృత్తాలు పూర్తిచేయదు కనుక కొలత రోజురోజుకీ కాస్త జరుగుతుంది. గ్రాఫులో సుమారు 14.8 రోజులకోసారి లేచి పడే దొంగ అల కనిపిస్తుంది. అమావాస్య, పౌర్ణమి లయతో సరిపోతుంది కాబట్టి ఎవరైనా నమ్మేస్తారు!

కొలిచేదానిలోని అత్యధిక పౌనఃపున్యానికి (నిర్ణీత కాలంలో ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్యకు) రెట్టింపు కంటే వేగంగా కొలవాలన్నది నైక్విస్ట్ నియమం. గంటకోసారైతే పోటుకు నిశ్చింత. ప్రతి కొలత దగ్గర, ఆ కొలతంత ఎత్తున, ఒక సింక్ వక్రాన్ని (నడుమ శిఖరం, ఇరువైపులా ఊగుతూ తగ్గే గీతను) నిలిపి, అన్నిటినీ కూడితే నడుమ మట్టాలూ తిరిగి వస్తాయి.

మరి ఒడ్డుకు కొట్టే పది సెకన్ల అలల సంగతి? అవీ మారువేషంలో చొరబడతాయి. అందుకే కొలిచే గొట్టానికి అడుగున చిన్న రంధ్రమే ఉంచుతారు: అలలు అణగిపోతాయి, పోటు లోపలికి చేరుతుంది. ఈ వడపోత కొలతకు ముందే జరగాలి. తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వాటిని విడదీయజాలదు.