ఆఫీసు బ్రేక్‌లో చెట్లూ పిట్టలూ చూసే నడక: ఫిబ్రవరి, మార్చిలో హైదరాబాద్

ప్రశ్న: గచ్చిబౌలి వైపు ఆఫీసు. మధ్యలో 45 నిమిషాల బ్రేక్ దొరుకుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ కాసేపట్లో చెట్లూ పిట్టలూ చూస్తూ నడిచి రావడం కుదురుతుందా? చెమట తప్ప ఏమీ మిగలదా?

జవాబు: కుదురుతుంది. కానీ 45లో నడకకి దక్కేది 25 నిమిషాలే. లిఫ్టు కోసం ఆగి కిందికి దిగడానికి, మళ్లీ పైకి రావడానికి కలిపి 10 పోతాయి. వచ్చాక ముఖం కడుక్కుని, ఒళ్లు చల్లబడి, నీళ్లు తాగేసరికి ఇంకో 10. భోజనం కూడా ఇందులోనే అంటే నడక 12 నిమిషాలకి పడిపోతుంది. అప్పుడు మధ్యాహ్నాన్ని వదిలేసి, 11 గంటల టీ టైమ్‌కి వెళ్లడం మేలు.

ఆగి చూస్తూ నడిస్తే గంటకి రెండున్నర, మూడు కిలోమీటర్లకి మించి సాగదు. అంటే పోనూ రానూ కలిపి ఒక కిలోమీటరు. కాబట్టి ఆఫీసు గేటు నుంచి 500 మీటర్ల లోపే చోటు చూసుకోండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కి బండి తీస్తారు, పార్కింగూ టికెట్టూ అయ్యేసరికి సగం బ్రేక్ అయిపోతుంది. పక్కనే ఆఫీసు ఉన్నవాళ్లకి తప్ప అది సెలవు రోజు చూడాల్సిన చోటు. కేబీఆర్ పార్కు ఉదయం, సాయంత్రమే తెరుస్తారు, మధ్యాహ్నం వెళితే మూసిన గేటు చూసి రావాలి. పాత చెట్లున్న కాలనీ వీధి, చెరువు గట్టు, క్యాంపస్ వెనక ప్రహరీ వెంబడి దారి, ఏదైనా చాలు. పెద్ద చెట్లు నాలుగైదు ఉంటే పని జరుగుతుంది. అలారం 12వ నిమిషానికి పెట్టుకుని, మోగగానే వెనక్కి తిరగండి. ‘ఆ మలుపు దాకా’ అనుకున్నారంటే మీటింగుకి ఆలస్యమే.

నీడ లెక్క తెలిస్తే సగం కష్టం తగ్గుతుంది. ఈ రోజుల్లో హైదరాబాద్‌లో సూర్యుడు అన్నిటికంటే ఎత్తుకి వచ్చేది పన్నెండున్నర ప్రాంతంలో. అప్పుడు కూడా నడినెత్తిన ఉండడు, దక్షిణానికి వాలి ఉంటాడు. కాబట్టి తూర్పు పడమరలుగా ఉన్న రోడ్డులో దక్షిణం వైపు ఫుట్‌పాత్ మీద నడవండి, ఆ వరుసలోని భవనాల, చెట్ల నీడ మీ మీదే పడుతుంది. 10 మీటర్ల ఎత్తు భవనం నీడ ఫిబ్రవరి మధ్యలో దాదాపు 6 మీటర్లు ఉంటుంది, మార్చి 20 నాటికి 3 మీటర్లకి కుంచించుకుపోతుంది. మార్చి రెండో వారం దాటాక మధ్యాహ్నం నడక నా లెక్కలో దండగ. పైగా చెట్లు ఆకు రాల్చే రోజులు, చెట్టు కింద కూడా ఎండే. రెండు మూడు గంటల మధ్య సిమెంటు సెగ అసలే ఎక్కువ.

ఇక చూడాల్సినవి. వసంతం అంటే పచ్చదనం అనుకుని వెళితే నిరాశే. ఉగాదికి ముందు మన దగ్గర ఆకు రాలడం, చిగురు వేయడం, పూత రావడం మూడూ ఒకేసారి నడుస్తుంటాయి, ఒక్కో చెట్టుది ఒక్కో తీరు. మోదుగ ఆకంతా రాల్చి చిలక ముక్కుల్లాంటి కాషాయరంగు పూలతో నిలబడుతుంది. బూరుగుని దాని కిందే పట్టుకోవచ్చు: అరచేతి వెడల్పున్న, ఐదు దళసరి రేకుల ఎర్రపూలు నేల మీద పడి ఉంటాయి. రాళ్ల గుట్టలుంటే ఆకులేని కొమ్మలకి పసుపు పూలతో కొండగోగు కనిపించవచ్చు. రోడ్ల వెంట గులాబి రంగులో విరగబూసే టబేబుయా మన చెట్టు కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. ఫొటోలన్నీ దానికే, పక్కనున్న రావిని ఎవరూ చూడరు. రావి చిగురు రాగిరంగులో మొదలై రోజుల్లోనే పచ్చబడుతుంది, ఆ మార్పు చూడాలంటే రోజూ అటు నడిచేవాళ్లకే వీలు. మార్చిలో కానుగ కొత్తాకు నూనె రాసినట్టు మెరుస్తుంది. నెమలినార చెట్టు కింద, మధ్యలో గింజ, చుట్టూ కాగితం లాంటి రెక్క ఉన్న గుండ్రటి కాయలు గాలికి దొర్లుతుంటాయి. దాని పుప్పొడి అలర్జీకి పేరుపడ్డది. ఈ నెలల్లో తుమ్ములూ ఆయాసమూ వచ్చేవాళ్లు మాస్కు వేసుకోవాలి, వేపపూత రోజుల్లోనూ అంతే.

పిట్టలకి మధ్యాహ్నం మంచి వేళ కాదు, చాలావరకు నీడకి చేరతాయి. అయినా కంసాలి పిట్ట ఎండలోనూ ‘టుక్ టుక్’మని సుత్తి దెబ్బల్లా ఆపకుండా కొడుతూనే ఉంటుంది. మొండికొమ్మ చివర వెతకండి, పిచ్చుక కంటే కాస్త పెద్దది, నుదురు ఎరుపు. పూసిన మోదుగ గానీ బూరుగు గానీ దొరికితే నడక ఆపేసి అక్కడే ఐదు నిమిషాలు నిలబడాలి. తేనెపిట్టలు, గోరింకలు, ఒళ్లు లేత గులాబి, తల నలుపు ఉన్న వలస గోరింకల గుంపులు, అన్నీ తేనె కోసం అక్కడికే వస్తాయి. కిలోమీటరు తిరిగినా ఇన్ని కనిపించవు.

సరంజామా పెద్దగా అక్కర్లేదు. టోపీ కంటే గొడుగు నయం, తల చెమట పట్టదు. బయల్దేరే ముందు ఒక గ్లాసు నీళ్లు తాగి, అరలీటరు సీసా వెంట ఉంచుకోండి. డెస్క్ కింద ఒక జత పాత బూట్లు, అదనంగా సాక్సులు పెట్టుకోవాలి. తోలు అడుగు ఉన్న ఫార్మల్ బూటు ఎండుటాకు పరిచిన రాతి మీద జారుతుంది, పలుచని చెప్పుల్లోకి పల్లేరుకాయ దిగుతుంది. ఉత్తరేణి గింజలు ప్యాంటు అంచుకి అంటుకుంటే చేత్తో ఒక్కోటీ పీకక్కర్లేదు, దువ్వెనతో కింది నుంచి పైకి గీస్తే వస్తాయి. నడిచి వచ్చి తినడమే హాయి. షుగర్‌కి ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లు మాత్రం దాని కోసం భోజనం వెనక్కి జరపకూడదు.

జాగ్రత్త పడాల్సింది మూడింటితో. కంచెల మీద పాకిన దురదగొండి కాయలు ఈ రోజుల్లోనే ఎండుతాయి. ఆ గోధుమరంగు నూగు తగిలితే గోకొద్దు, రుద్దొద్దు, నూగు ఇంకా లోపలికి పోతుంది. సెల్లో టేపు అంటించి లాగేశాక కడుక్కోవాలి. ఖాళీ ప్లాట్లలో తెల్లపూల వయ్యారిభామ మధ్యగా అడ్డదారి పట్టొద్దు, చర్మానికీ ఊపిరికీ పడదు. ఇక పెద్ద తేనెటీగల పట్టు. ఎత్తైన బూరుగు కొమ్మలకే కాదు, అద్దాల భవనాల అంచులకి కూడా పడుతుంది. దాని కింద నిలబడి ఫొటోలు తీయొద్దు. తేనెటీగలు మీదికి వస్తే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని తలుపులున్న చోటికి పరుగెత్తడమే. కుట్టిన ముల్లుని వెంటనే గోరుతోనో, మెడలోని ఐడీ కార్డు అంచుతోనో గీకి తీసేయాలి. ఊపిరి ఆడకపోయినా, పెదాలు వాచినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

వారం తిరక్కుండా విసుగు రాకూడదంటే రోజుకో దారి వెతక్కండి. దారి ఒకటే పెట్టుకుని మూడు చెట్లు ఎంచుకోండి: ఒక రావి, ఒక కానుగ, పూసేది ఇంకొకటి. వారానికోసారి ఒకే రోజున ఫోన్‌లో తేదీ, చిగురు, పువ్వు, కాయ ఉన్నాయా, ఉంటే కొద్దిగానా ఎక్కువగానా అని రాసుకోండి. మామూలు జనమే చెట్ల మార్పులు రాసి పంపే సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో వివరాలు నమోదు చేసే పద్ధతీ ఇంచుమించు ఇదే, కావాలంటే అందులోనే ఎక్కించవచ్చు. పిట్ట గొంతు గుర్తుపట్టడానికి మెర్లిన్ యాప్ పనికొస్తుంది గానీ, హారన్ల మధ్య తడబడుతుంది. రోడ్డుకి వీపు పెట్టి, ఫోన్ చెట్టు వైపు తిప్పి రికార్డు చేయండి.