మాట బాగానే ఉంది, మరి స్పీచ్ థెరపీ ఎందుకు?

బైక్ యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలిన తర్వాత మీ తమ్ముడు మాట స్పష్టంగానే మాట్లాడుతున్నా, చెప్పింది కాసేపట్లోనే మర్చిపోతున్నాడని, డాక్టర్ స్పీచ్ థెరపిస్టు దగ్గరికి ఎందుకు పంపారో అర్థం కాలేదని అడిగారు. సరైన చోటికే పంపారండీ. జ్ఞాపకం, ఏకాగ్రత దెబ్బతింటే సంభాషణ కూడా తడబడుతుంది. దాన్ని చక్కదిద్దడం వాళ్ల పనే. బెంగళూరులోని మెదడు, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో దీనికి ప్రత్యేక విభాగాలు ఉన్నాయి.

ఇంట్లో ముందుగా "గుర్తు తెచ్చుకో చూద్దాం" అని పరీక్ష పెట్టడం మానేయండి. జ్ఞాపకం బాగా దెబ్బతిన్నవాళ్లు ఊహించి తప్పు చెబితే ఆ తప్పే నాటుకుపోతుంది. జవాబు మీరే చెప్పి, వెంటనే అతనితో చెప్పించండి. తర్వాత అర నిమిషానికి, నిమిషానికి, రెండు నిమిషాలకు, అలా ఎడం పెంచుతూ అడగండి. తప్పు చెబితే సరైనది చెప్పి, అంతకుముందు కుదిరిన ఎడానికి వెనక్కి రండి. మొదట నేర్పాల్సింది ఒకటే: "ఈరోజు ఏం చేయాలి?" అంటే "ఫోన్‌లో చూడాలి" అనడం. మాత్రలు, అపాయింట్‌మెంట్లు అన్నీ అందులో అలారంతో పెట్టండి.

మెదడు ఆటల యాప్‌లకు డబ్బు పెట్టకండి. స్కోరు పెరుగుతుంది గానీ మాత్ర వేసుకోవడం గుర్తుండదు! సాధన కాసేపే, టీవీ ఆపేసి, అలసట లేని వేళ చేయించండి. చిరాకు పడితే అది దెబ్బ ప్రభావమే కావచ్చు, మొండితనం అనుకోకండి.

తలనొప్పి పెరిగినా, మగత, వాంతులు, ఫిట్స్ వచ్చినా మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.