ఒక్క నమూనాతో నదిని తేల్చవచ్చా?

ప్రశ్న: మా నగరం మధ్య నుంచి పారే నది నీటిని ఒక మధ్యాహ్నం పరీక్షించి, లీటరుకు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంది కాబట్టి నది ఆరోగ్యంగానే ఉందని నివేదిక ఇచ్చారు. తెల్లవారుజామున మాత్రం చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఆ నివేదికను నమ్మవచ్చా?

జవాబు: అంకె నిజమే కావచ్చు, దాని నుంచి తీసిన నిర్ధారణ మాత్రం నిలవదు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలి నుంచి మంచినీటిలో కరిగేది లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజనే. వెచ్చని నీటిలో ఇంకా తక్కువ. అంతకు మించి కనిపించిందంటే, మురుగులోని నైట్రోజన్, ఫాస్ఫరస్‌లతో ఏపుగా పెరిగిన నాచు ఎండలో ఆక్సిజన్‌ను వదులుతోందని అనుమానించాలి. ఆ నాచే రాత్రంతా ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది కనుక, సూర్యోదయానికి కాస్త ముందు నీటిలో దాని పాళ్లు బాగా పడిపోతాయి. మీ చేపలు ఊపిరాడకనే పైకి వస్తూ ఉండవచ్చు. అందుకే తెల్లవారకముందు కూడా కొలవాలి.

నమూనా పట్టే తీరు కూడా ముఖ్యమే. సీసాలో ఒక్క గాలిబుడగ మిగలకుండా నింపి, ఒడ్డునే మాంగనీస్ సల్ఫేట్, క్షార అయోడైడ్ ద్రావణాలు కలిపితే, ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి, లేని నీటిలో తెల్లని మడ్డి ఏర్పడుతుంది. ఆ తెలుపును కళ్లారా చూసినవారికి నది స్థితి గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక చోటు సంగతి. మురుగు కాలువ కలిసే చోటికి ఎగువన ఒకటి, దిగువన వేర్వేరు దూరాల్లో కొన్ని నమూనాలు తీయాలి. బ్యాక్టీరియా మురుగును కుళ్లబెట్టడానికి సమయం పడుతుంది కాబట్టి, ఆక్సిజన్ అత్యంత తక్కువగా ఉండేది కాలువ కలిసిన చోట కాదు, ఇంకా దిగువన.

ఆ కుళ్లే భారాన్ని చెప్పేది బీఓడీ (జీవరసాయన ఆక్సిజన్ అవసరం) పరీక్ష: సీసాను 20 డిగ్రీల వద్ద చీకటిలో 5 రోజులు ఉంచి, ఎంత ఆక్సిజన్ ఖర్చయిందో చూస్తారు. అయితే పరిశ్రమల విషపదార్థాలు ఆ సీసాలోని బ్యాక్టీరియానే చంపేస్తే బీఓడీ తక్కువగా వచ్చి మోసపోతాం. అందువల్ల మురుగుకు కావలసిన ఆక్సిజన్‌ను బ్యాక్టీరియాతో కాక రసాయనంతో కొలిచే సీఓడీని (రసాయన ఆక్సిజన్ అవసరం) కూడా తప్పక అడగండి. నీటిలో మలం కలిసి ఉండవచ్చని సూచించే కోలిఫామ్ బ్యాక్టీరియా లెక్క సరేసరి.

సీసం, కాడ్మియం వంటి లోహాలు చాలావరకు అడుగు బురదలో పేరుకుంటాయి. నీటిని మాత్రమే పరీక్షించిన నివేదికకు అవి దొరకకపోవచ్చు. పిడికెడు బురద తీసి చూస్తే, అందులో సన్నని ఎర్రని పురుగులు తప్ప వేరే ప్రాణి కనిపించకపోతే, అక్కడ చాలాకాలంగా ఆక్సిజన్ కొరత ఉందని భావించవచ్చు.